పొడుపు మర్నాటి ముడి

ఫిబ్రవరి ముప్పయ్యో తేదీన డొంకూరు మొగలో నీరు ఎన్ని గంటలకు తీస్తుందో చెప్పమని జగదాంబ ఆ ప్రోగ్రామును అడిగింది.

దీపావళి మర్నాడు, ఆదివారం. పలాస స్టేషను రోడ్డులో ఢిల్లీబాబు నడిపే నెట్ సెంటర్లో మూడో నంబరు కంప్యూటరు ముందు ఆమె కూర్చుని గంటన్నర అయింది. అందులో నలభై నిమిషాలు ఆ ఫైలు దిగడానికే పట్టింది. దిగిన తర్వాత తెర మీద కెరటాలు లేచాయి, వీణ మోగింది, ఒక నావ ఎడమ నుంచి కుడికి సాగిపోయింది, నావ వెనకాలే 'రూపకర్త: నిరంజన్, పలాస' అన్న అక్షరాలు బంగారు రంగులో తేలుతూ వచ్చాయి. సముద్రాన్ని క్యాలెండరు బొమ్మలో తప్ప చూడనివాడికి నచ్చే హంగులన్నీ అమిరాయి. వాటన్నిటి అడుగున తేదీ వేయడానికి ఒక చిన్న గడి ఉంది. ఆ గడి అమరికను ఎక్కడో చూసినట్టనిపించి, ఆమె అందులో కావాలనే లేని తేదీ వేసింది.

జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాటల్లో వచ్చింది: 'ఆ రోజు పంచాంగంలో లేదు. నీ జేబులో ఉందేమో చూడు.'

టెక్కలి బడిలో తొమ్మిదో తరగతి వెనక బెంచీలకు లెక్కలు చెబుతూ ఆమె ఇరవై ఆరేళ్లుగా వాడుతున్న మాట అది. వేసవి సెలవుల్లో తన ప్రోగ్రాములో తన చేత్తో రాసుకున్న వాక్యం. దొంగ ఇల్లంతా సర్దుకున్నాడు గాని, గోడకు తగిలించిన ఆమె నోరు అక్కడే మరిచిపోయాడు.

ఢిల్లీబాబు వెనకనుంచి వంగి చూశాడు. "అదేటి మేడం గారూ, కంప్యూటరు తిడతన్నాది?"

"కంప్యూటరు కాదు ఢిల్లీబాబూ. తిడుతున్నది నేను."

'తెలుగు కంప్యూటర్ చావిడి' అనే ఆ మెయిలింగు గ్రూపులో నాలుగు వందల పైచిలుకు సభ్యులున్నారు. తీరిక వేళల్లో ప్రోగ్రాములు రాసి పదిమందితో పంచుకోవడం దాని ఆశయమని మొదటి పేజీలో రాసి ఉంటుంది. పంచుకోవడం రెండు రకాలు. సోర్స్ ఇవ్వడం ఒకటి: మనిషి రాసిన లెక్కను మరో మనిషి చదివి, తప్పుంటే దిద్దుకోగలిగే రూపంలోనే అందించడం. ఆ రాతను కంపైలు చేసి, యంత్రానికి తప్ప ఎవరికీ అర్థం కాని ముద్దగా మార్చి, ఆ ముద్దను మాత్రమే ఇవ్వడం రెండోది. దాన్ని ఎగ్జీ అంటారు. నొక్కితే పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చెప్పదు. గ్రూపులో సోర్స్ ఇచ్చేవాళ్లు ఏడుగురు. తక్కినవాళ్లంతా ఎగ్జీ భక్తులు. విగ్రహం లోపల ఏముందన్న ప్రశ్న భక్తుడికి రాదు.

జగదాంబ జూన్ నెలలో 'పోటు' అన్న ప్రోగ్రాము సోర్సును ఆ చావిడిలో పెట్టింది. తేదీ ఇస్తే ఆ రోజు తిథి కట్టి, డొంకూరు దగ్గర ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో ఆటువేళ నీరు ఎప్పుడు పూర్తిగా తీస్తుందో, ఎప్పుడు నడిచి దాటవచ్చో చెప్పే లెక్క అది. పై వరసలో తన పేరు, ఊరు, ఉద్యోగం. దాని కింద, 'డొంకూరులో ఒక మత్స్యకార స్త్రీ చెప్పిన వేళల ఆధారంగా.' దాని కింద, 'ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పేరు మాత్రం తీసివేయవద్దు.' నాలుగు నెలల్లో రెండు జవాబులు వచ్చాయి. ఒకరు దీన్ని ఎలా తెరవాలని అడిగారు. మరొకరు ఎగ్జీ లేదా అన్నారు.

అదే చావిడిలో నిరంజన్ పెట్టిన ఎగ్జీకి ఒక్కరోజులో ముప్పయి ఒక్క అభినందనలు వచ్చాయి. ఆమె వాటన్నిటినీ చదివింది, ఏ ఒక్కటీ వదలకుండా. తర్వాత నాలుగు వాక్యాల మెయిలు రాసి గ్రూపుకు పంపింది. ఫిబ్రవరి ముప్పయి వేసి చూడండి, నా సోర్సులో నూట పన్నెండో వరస చూడండి, రెండూ పక్కపక్కన పెట్టండి, తర్వాత మాట్లాడండి.

పంపి, ఆ ఎగ్జీని ఫ్లాపీలోకి ఎక్కించుకుని, సంచీ భుజాన వేసుకుని, కాశీబుగ్గ దాకా నడిచే వెళ్లింది.

నిరంజన్ కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ ఎరువుల దుకాణం మేడ మీద ఉంది. ఆదివారమైనా ఎనిమిదిమంది కుర్రాళ్లు కీబోర్డుల మీద పడి టైపు కొడుతున్నారు. నిరంజన్ ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. పాత విద్యార్థులు లేచే తీరే వేరు, మోకాళ్లు ముందు గుర్తుపడతాయి.

"మేడం! ఎన్నాళ్లకెన్నాళ్లకి! రండి, కూకోండి. ఒరే, ఆ ఫ్యానెయ్యండ్రా."

ఆమె కూర్చోలేదు. "నీ ప్రోగ్రాములో ఫిబ్రవరి ముప్పయి వేసి చూశావా?"

"లేని తేదీ ఎందుకేత్తాం మేడం?"

"వెయ్యి."

వేశాడు. చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి గాని నవ్వు చెరగలేదు. కొందరికి నవ్వు కట్టుడుపళ్ల వంటిది. పరాయివాళ్ల ముందు తీయరు.

"మీరు ఫ్రీగా పెట్టినారు కదా మేడం. వాడుకోవచ్చని మీరే రాసినారు."

"వాడుకోవచ్చనీ రాశాను, పేరు తీయవద్దనీ రాశాను. పక్కపక్కనే ఉన్నాయి. ఒక వాక్యం చదవడం వచ్చినవాడికి రెండోదీ రావాలి."

"అది కాదు మేడం, సూడండి. మీరిచ్చింది పిక్కలు. జీడిపిక్క ఎవుడు తింతాడు? కాల్చి, కొట్టి, పొర తీసి, పప్పు సేసి పేకెట్లో పెట్టినోడిదే సరుకు. పలాసోళ్లకి ఇది తెలీదేటి?"

కుర్రాళ్లు నవ్వారు. జగదాంబ వాళ్లవైపు ఒకసారి చూసింది, నవ్వు ఆగిపోయింది.

"తినడానికి పప్పే," అంది. "నాటడానికి? పప్పు పాతితే మొలుస్తుందా నిరంజన్?"

"ఈ రోజుల్లో నాటీవోళ్లెవులున్నారు మేడం?"

"సరే. నువ్వు మార్చిందేమిటో చూపించు. నీ సోర్సు తెరువు."

"కంపైలైపోయినాక అదెందుకని తీసీసినాను. సిస్టంలో సోటు సాల్లేదు." అంటూనే గోడకు అంటించిన ఒక కాగితం చూపించాడు. రంగుల అంచు, నెలంతటికీ తేదీలు, ఎదురుగా వేళలు, అడుగున అతని సంతకం, రబ్బరు ముద్ర. "ఇది సూడండి. డొంకూరు బళ్లో కిందటి నెలనుంచి నా షీటే అంటించినారు. అవతలి పేట గుంటలు మొగ దాటే కదా బడినుంచి ఇంటికెల్లాల, ఈ టైము సూసే వొదులుతున్నారు. మీ పోగ్రాము మీ ఫ్లాపీలో ఉండిపోతే ఆ గుంటలకేటి లాభం సెప్పండి? నానే కదా తీసుకెల్లినాను?"

ఆమె ఆ కాగితంలో మంగళవారం ఎదురుగా ఉన్న అంకె చూసింది. సాయంత్రం అయిదూ పదిహేను. సంచీలోంచి తన నోటుపుస్తకం తీసి పోల్చింది. అదే అంకె. సంతృప్తిగా తల ఊపింది. దొంగసొత్తు ఒక్క గింజయినా తరగకుండా దొరికినప్పుడు సొంతదారుకు కలిగే వికారమైన సంతృప్తి అది. దానిలో ఏం తప్పుందో ఆమెకు అప్పుడు తెలియదు.

*

సోమవారం సాయంత్రం బడినుంచి వచ్చి, దీపం వేళ దాకా నెలలో ముప్పయి రోజులకూ రెండు ప్రోగ్రాముల వేళలు వరసగా రాసింది. నిమిషం తేడా లేదు. గ్రూపులో పెట్టడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి? పక్కింటావిడ గోడ అవతలనుంచి కేకేసింది: "మేడమూ! నెల పొడిసింది, సూద్దురు గాని రండి." జగదాంబ తల ఎత్తకుండానే వస్తున్నానంది. వెళ్లలేదు. ఇరవై మూడో తేదీ దగ్గర ఉంది అప్పుడు.

మంగళవారం సెలవు పెట్టి, డొంకూరుకు బయలుదేరింది. ఆ కాగితం బడిగోడ మీద ఉండగా ఫొటో తీయాలని పొరుగువారి కెమెరా అడిగి తెచ్చుకుంది. దారిలో పలాసలో దిగి, ఢిల్లీబాబు దగ్గర జవాబులు చూసింది.

గ్రూపు పెద్ద కామేశ్వరరావు రాశాడు: 'ఆకాశంలో చంద్రుడు ఒక్కడే కనుక లెక్కా ఒక్కటే అవుతుంది. జేబు ప్రస్తావన యాదృచ్ఛికం కావచ్చు. సభ్యులు సంయమనం పాటించాలి.' వేరొకరు రాశారు: 'మేడం గారు పెద్దవారు. యువకుల కృషిని ప్రోత్సహించడం పెద్దల ధర్మం.' మూడోవారిది ఒకటే వాక్యం: 'సోర్స్ గొడవ మనకెందుకండీ, డబుల్ క్లిక్ చేస్తే పనైపోతోంది కదా.'

"ఏటంతన్నారు మేడం గారూ?" అన్నాడు ఢిల్లీబాబు.

"నాలుగు వందలమంది ఉన్నారనుకున్నాను. ఒక్కడే ఉన్నాడు, నాలుగు వందల పేర్లతో."

ఇచ్ఛాపురం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. సరుగుడు తోపు దాటి ఇసుకలోకి దిగేసరికి మూడున్నర. మొగ ఒడ్డున, తాటాకు పాక ముందు, వేసవిలో ఆమెకు వేళలు చెప్పిన ముసలామె చాపమీద ఎండిన నెత్తళ్ల చేపలను రెండు చేతులతో తిరగవేస్తూ ఉంది. చూసింది, పని ఆపలేదు.

"పంతులమ్మవి కదా? మల్లీ ఒచ్చినావేటి? అప్పుడు బస్సుకి టైమయిపోనాదని నీలైనా తాగకుండా ఎల్లిపోనావు."

జగదాంబ నవ్వి, అలవాటుగా మొగవైపు చూసింది. చూసి, చేతి గడియారం చూసుకుంది. మళ్లీ మొగవైపు చూసింది. ఉప్పుటేరు అడుగు బయటపడి ఉంది. తడి ఇసుక మీద ఎండ్రకాయలు పరుగులు తీస్తున్నాయి. నడిమధ్యన పాయ ఒకటి మిగిలింది. ఆమె చూస్తుండగానే అవతలి పేటకు చెందిన స్త్రీ ఒకతె తలమీద గంపతో దాన్ని దాటింది. నీళ్లు ఆమె పిక్కల దాకా రాలేదు.

"నీరు తీసేసిందే?"

"తీసీసింది. ఇంకో గడియకి తిరుగుద్ది."

"అయిదుంబావుకు కదా తీసేది?"

ముసలామె అప్పుడు చేతులు ఆపింది. "నీకూ ఆ కాయితమే సెప్పిందేటి? బాగుంది. ఆ మాస్టరు నెల్లాళ్ల నుంచీ అదే అంతన్నాడు. ముందైతే నాను కబురెడితే గుంటల్ని ఒగ్గీసీవోడు. ఇప్పుడు గోడ కేసి సూపిత్తన్నాడు. పోయిన పున్నానికి అవతలి పేటలో నా మనవరాలు భాను, ఇదిగో, ఇంతలోతు నీట్లో దాటింది." చేయి మెడ దగ్గర పెట్టి చూపించింది. "దాని పుత్తకాలు సంద్రం సదువుకుంతంది."

జగదాంబ గుండెలో మొదట లేచింది సంతోషమే. ఆ మాట దాచి ప్రయోజనం లేదు. వాడి ప్రోగ్రాము తప్పు! దొంగిలించినవాడు దేన్నో కెలికి పాడుచేశాడు. ఇక చావిడి నోరు మూయించవచ్చు. ఆ సంతోషం రెండు ఊపిరుల కాలం నిలిచింది. నిన్నటి సాయంత్రం రాసుకున్న ముప్పయి వరసలు గుర్తుకు వచ్చాయి. నిమిషం తేడా లేదు. నిరంజన్ దేన్నీ కెలకలేదు. కెలకడం వాడికి చేతకాదు.

పాక గుంజకు ఒక వల దారం వేలాడుతోంది. వేసవిలోనూ వేలాడింది, అప్పుడు ఆమె దాని పక్కనే కూర్చుని వేళలు రాసుకుంది. 'ఒకటో నాడు ఇప్పుడు, రెండో నాడు ఇప్పుడు' అని ముసలామె చెబుతుంటే పాడ్యమి, విదియ అని తనకు తానే పేర్లు పెట్టుకుంటూ రాసుకుంది. అప్పుడు ఆ దారం నిండా ముడులుండేవి. ఇప్పుడు ఒకటే ఉంది.

"ఈ ముడి ఏమిటి?"

"రోజుకొకటి. పొద్దున్న లెగిసి ఏత్తాను. ముడి సూసుకుని నీటి ఏళ సెప్తాను."

"ఇవాళ తదియ. మూడు ముడులుండాలి."

"మూడెందుకుంతాయి?" ముసలామె ఆమెను జాలిగా చూసింది. "నిన్న సందేళ కదా నెల పొడిసింది? పొడుపు సూసిన మర్నాడు ఒకటి. అగుపడని సెంద్రుణ్ణి ఎలాగ లెక్కెడతావమ్మా?"

"ఎప్పుడూ తదియనాడే ఒకటా?"

"ఒకో నెల ముందు పొడుత్తాది, ఒకో నెల ఎనక. సూడాల."

రోజుకు రెండు గడియల చొప్పున నీటి వేళ వెనక్కి జరుగుతుంది. తదియ కదాని తన ప్రోగ్రాము మూడో ముడి నాటి వేళ చెప్పింది, ఇవాళ ఒకటో ముడి. రెండు రోజుల తేడాకు నాలుగు గడియలు. గంటా ముప్పయి ఆరు నిమిషాలు. తరగతిలో ఏ పిల్లయినా చేయగల లెక్క. టెక్కలిలో తన బల్ల మీద ఆ ప్రోగ్రాము నాలుగు నెలలపాటు ఏ లోపమూ లేకుండా పనిచేసింది, ఆ బల్ల దగ్గరికి సముద్రం రాదు కనుక. ఈమె దగ్గర తాను జవాబులు మాత్రమే తీసుకుంది. లెక్క ఎక్కడ మొదలవుతుందని అడగలేదు. ఎదురుగా గుంజకు వేలాడుతున్నదాన్ని చూసి, ఇదేమిటని అడగలేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది, ఆ ప్రశ్నకు సిగ్గుపడుతూనే.

"నువ్వు ఏళలడిగినావు. ఏళలు సెప్పినాను."

"నీ పేరేమిటి?"

ముసలామె నెత్తళ్ల మీదినుంచి ఈగలను తోలింది. "ఇప్పటికడిగినావు. రాజులమ్మ."

*

బడి రెండు గదులు, ఒక వరండా. ప్రధానోపాధ్యాయుడు కూర్మనాథం వరండాలో కుర్చీ వేసుకుని రిజిస్టరులో గీతలు గీస్తున్నాడు. గంట కొట్టి ఇళ్లకు పంపవలసిన వేళ కావస్తోంది. ఊళ్లో పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. అవతలి పేట పిల్లలు పద్నాలుగుమంది ఒక మూల విడిగా కూర్చుని ఉన్నారు. వాళ్లు ఆ నెల్లాళ్లలో నేర్చుకున్న పాఠం, కిటికీలోంచి నీటిని చూసి మాట్లాడకుండా ఉండడం.

జగదాంబ తానెవరో చెప్పింది. ఆ పిల్లలను ఇప్పుడే వదలమంది.

"అయిదుంబావండి," అన్నాడు కూర్మనాథం గోడవైపు చూపించి. "కంప్యూటరు షీటు ప్రకారం పంపమని పైనుంచి కాగితమొచ్చింది."

"ఒకసారి కిటికీలోంచి చూడండి. నీరు తీసి అరగంటయింది. ఇప్పటికే తిరిగింది. అయిదుంబావుకు నడుములోతుంటుంది."

ఆయన చూడలేదు. "కిటికీకి సంతకం లేదు కదమ్మా. రేపేదైనా అయితే నన్నడుగుతారు. షీటు ప్రకారం పంపినానంటే నాకు మాట రాదు."

"పిల్లకేదైనా అయితే?"

"అందుకే గదా, షీటు."

జగదాంబ కటువుగా కాకుండా, బోర్డు మీద మెట్టు వెంబడి మెట్టు రాసినట్టు చెప్పింది. "ఆ షీటు తప్పు. ఆ లెక్క రాసింది నేను. తప్పు నాది. గంటన్నర వెనక్కి వేశాను. కావాలంటే రాసిస్తాను."

కూర్మనాథం లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. కళ్లజోడు సవరించుకుని షీటు పైనుంచి కింద దాకా, రంగుల అంచుతో సహా, నిదానంగా చదివాడు. వెనక్కి తిరిగాడు.

"ఇందులో మీ పేరెక్కడా లేదే?"

ఆమె షీటు అడుగున ఉన్న సంతకాన్ని, ముద్రను మరోసారి చూసింది. ఆదివారం నుంచి తన కీర్తిని దోచుకున్నారని రగిలిపోతోంది. వాళ్లు కీర్తిని మాత్రమే తీసుకుపోలేదు. తన తప్పును తనదని చెప్పుకునే అర్హతను కూడా తీసుకుపోయారు. పేరు లేని మనిషి చేసిన తప్పును దిద్దే హక్కు ఎవరికీ లేదు. అది గోడమీద సంతకంతో, ముద్రతో, నిశ్చింతగా ఉంటుంది.

అయిదుంబావుకు పిల్లలను వదిలారు. అప్పటికి సూర్యుడు సరుగుడు తోపు వెనక్కి వెళ్లాడు. ఎండ్రకాయలు పరుగెత్తిన చోట నురగ తిరుగుతోంది. ఒడ్డున రాజులమ్మ చీర గోచీ పోసి సిద్ధంగా ఉంది. అవతలి ఒడ్డునుంచి నలుగురు ఆడవాళ్లు అప్పటికే నీళ్లలోకి దిగి, చేతి దూరానికొకరుగా వరస కట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నెల్లాళ్లలో అదొక పద్ధతి అయింది.

"నువ్వు ఒడ్డునుండు పంతులమ్మా, నీకు పాదాలు నిలవవు," అంది రాజులమ్మ.

జగదాంబ చెప్పులు, గడియారం, కెమెరా ఇసుక మీద పెట్టి దిగింది. అడుగున ఇసుక కాళ్లకిందనుంచి జారిపోతూ ఉంది. నీళ్లు నడుము దాటాయి. రాజులమ్మ చేతుల్లోంచి ఒక్కో పిల్లను అందుకుని, ఎత్తి, తర్వాతి ఆమెకు అందించింది. తొమ్మిదో పిల్ల భాను. పదేళ్లుంటాయి. సంచీని తలమీద రెండు చేతులతో పట్టుకుంది.

"సంచి జాగ్రత్త మామ్మా," అంది ఆ పిల్ల, మొహం తెలియని ఆమెతో. "ఇవి కొత్తయి."

పన్నెండో పిల్లవాడిని అందుకునేటప్పుడు ఒక అల పక్కనుంచి కొట్టింది. ఇద్దరూ మునిగారు. రాజులమ్మ ఒక చేత్తో వాడి జుట్టు, ఇంకో చేత్తో జగదాంబ జబ్బ పట్టుకుని పైకి లాగింది. పిల్లవాడు ఉప్పునీళ్లు కక్కి, తర్వాత నవ్వాడు. జగదాంబకు నవ్వు రాలేదు.

ఒడ్డుకు వచ్చాక రాజులమ్మ చీర కొంగు పిండుకుంటూ అంది: "ఇయ్యాల గాలి లేదు కాబట్టి సరిపోనాది. పున్నానికి నీరు పోట్లాడతాది. అప్పుడు నీలాటిదాన్ని పట్టుకోనా, గుంటల్ని పట్టుకోనా?"

*

బుధవారం జగదాంబ ప్రోగ్రామును దిద్దింది. దిద్దుబాటు ఒక అంకె కలిపితే అయ్యేది కాదు. పొడుపు ఎప్పుడు కనిపిస్తుందో నెలనెలా మారుతుంది. అందుచేత ప్రోగ్రాము ఇప్పుడు జవాబు చెప్పేముందు ఒక ప్రశ్న అడుగుతుంది: 'పొడుపు ఎప్పుడు చూశారు?' దానికి సమాధానం ఇవ్వకపోతే ముందుకు కదలదు. మొదటి వరసలో 'లెక్క: రాజులమ్మ, డొంకూరు' అని రాసి, కింద, ఆ ఊళ్లో అసిరయ్య నడిపే టెలిఫోను బూత్ నంబరు ఇచ్చింది. రెండో వరసలో 'రాత: జగదాంబ, టెక్కలి'. మూడో వరసలో, 'జూన్‌లో నేను పెట్టిన లెక్క తప్పు. తప్పు నాది. దాన్ని కంపైలు చేసి వాడుతున్న ప్రతిచోటా అది తప్పుగానే ఉంటుంది, తెరిచి దిద్దుకోలేరు.' సోర్సు చావిడిలో పెట్టింది. ఢిల్లీబాబు ఆమెకు టీ తెప్పించేలోగా మొదటి జవాబు వచ్చింది: 'మేడం, దీని ఎగ్జీ ఉంటే పంపగలరు.'

టీ తాగి, ఫ్లాపీ తీసుకుని కాశీబుగ్గ వెళ్లింది.

నిరంజన్ ఈసారి ఫ్యాను వేయమనలేదు. "గ్రూపులో సూసినాను మేడం. తప్పు మీదేనని మీరే రాసినారు," అన్నాడు. గొంతులో గెలుపు ఉంది.

"అవును. ఇది సరైనది. ఆ బడివాళ్లు నీ సంతకం తప్ప మరొకటి చూడరు. కనుక ఇప్పుడే దీంతో ఈ నెల షీటు తీసి పంపు. ఎల్లుండిలోగా ఆ గోడమీద ఉండాలి."

"ఫ్రీగానే?"

"ఫ్రీగానే. నీ నావ, నీ వీణ, నీ బంగారం అక్షరాలు పెట్టుకో. నాకు అభ్యంతరం లేదు."

అతను అనుమానంగా ఫ్లాపీ పెట్టాడు. కెరటాలను, నావను అతికించాడు. అది అతనికి బాగా చేతనవును. నడిపించాడు. వీణ మోగింది, నావ సాగింది, తర్వాత తెర మీద ప్రశ్న నిలబడింది. ఖాళీగా నొక్కాడు. మళ్లీ అదే ప్రశ్న. నిన్నటి తేదీ వేశాడు, చెరిపాడు.

"ఇదేటి మేడం? ఇదెవర్నడగాలి?"

"మొదటి వరసలో ఉంది."

"ఇది తీసీలేమా?"

"తీసేయవచ్చు. ఆకాశం చూడకుండానే పొడుపు లెక్కకట్టే సూత్రం రాసి పెట్టు. సోర్సు నీ చేతిలోనే ఉంది, మూడు వందల వరసలు. చదువు."

అతను వరసలను కిందికి జరిపాడు, పైకి జరిపాడు. కుర్రాళ్లు టైపు ఆపి చూస్తున్నారు. కొంతసేపటికి అతని చేయి మౌసు మీదినుంచి టెలిఫోను మీదికి వెళ్లింది. తప్పని గ్రూపంతా చదివిన షీటు ఆ గోడమీదే ఉండిపోతే, ఏదైనా అయిన రోజున బడివాళ్లు అడుగుతారు. అడిగితే చెప్పడానికి ఆ సంతకంలో పేరు ఒక్కటే ఉంది, అతనిది.

అసిరయ్య ఎత్తాడు. పిలుస్తానని పెట్టేశాడు. పావుగంటకు నిరంజన్ మళ్లీ చేశాడు. వస్తోందట, చేపలు ఎత్తుతోందట, ఆగమందట. ఇంకో పావుగంట గడిచింది. జగదాంబ ఇప్పుడు కూర్చుంది, కిటికీ పక్కన, చేతులు ఒడిలో పెట్టుకుని. మూడోసారి ఫోనులో ఆ గొంతు వచ్చింది. గది అంతటికీ వినిపించే గొంతు, సముద్రం మీదికి కేకలేసి అలవాటైన గొంతు.

"ఎవులు?"

"నానండీ, నిరంజన్‌ని, పలాసనుంచి. ఆ నీటి షీటు..."

"ఓలప్పా, కాయితం బాబువా! సెప్పు."

"అదే... పొడుపు ఎప్పుడు సూసినారండీ?"

అవతల ఎవరితోనో ఏదో అని నవ్వింది. తర్వాత, పిల్లవాడికి చెప్పినట్టు, నిదానంగా అడిగింది.

"పలాసలో నెల అగుపడదేటి బావూ?"